కడుపులో గడ్డ, కాలేయంలో మచ్చలు: కమాటి బాబాయి నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేము ముగ్గురం ఒకే మాట అనుకున్నాం. మాలో ఒకరిది గుడివాడ దగ్గర పల్లె, ఒకరిది దివిసీమ, ఒకరిది బందరే. ఒకే గదిలో మూడు రేకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పదో తరగతి దాకా చదివాం. ఇప్పుడు ఒకరు స్టాఫ్ నర్సుగా, ఒకరు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా, ఒకరు ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాం. చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మేము కమాటి బాబాయి జబ్బు గురించి రాయాలనుకున్నాం.

బాబాయిని ఎరగనివాళ్ళు మన హాస్టల్లో లేరు. తెల్లవారుజామున గంట కొట్టేది ఆయనే, తొట్టెల్లో నీళ్ళు నింపేది ఆయనే. అన్నం అడుగంటిన రోజున మంచి అన్నం మాకు వడ్డించి మాడు తాను తిన్న మనిషి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో చెట్టు పట్టుకుని బతికిన పన్నెండేళ్ళ పిల్లవాడు ఆయన. దినకూలీ కమాటీగా చేరి, పర్మనెంటు కాకుండానే ఇన్నేళ్ళూ చేశారు. ఈ వ్యాసం ఆయనకు చదివి వినిపించిన తర్వాతే పంపుతున్నాం. పేరు మాత్రం వేయవద్దన్నారు. "పిల్లలకు పనికొస్తే జబ్బు సంగతి రాయండి, నా పేరెందుకు" అన్నారు.

గ్యాస్ అనుకున్నాం

2014లో బాబాయికి ఆయాసం మొదలైంది. నీళ్ళ బిందె ఎత్తితే రొప్పు. నాలుగు ముద్దలు తింటే కడుపు నిండిపోయినట్టుండేది. విరేచనం తారులా నల్లగా అయ్యేది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ మాత్రలు, బలానికి ఇంజెక్షన్లు ఏడాది పాటు నడిచాయి. 2015లో ఒకరోజు వంటశాల గడప దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 5 మాత్రమే ఉంది.

నల్లటి విరేచనం అంటే చాలాసార్లు జీర్ణాశయంలోనో, చిన్నపేగు మొదట్లోనో రక్తం కారుతున్నట్టు లెక్క. కారిన రక్తం జీర్ణరసాల్లో కలిసి నల్లబడుతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా అవుతుంది కాబట్టి అందరూ హడలిపోనక్కరలేదు. మాత్రలేమీ వాడకుండా నలుపు కనిపించినా, దానికి ఆయాసం, నీరసం తోడైనా ఎండోస్కోపీ చేయించుకోవలసిందే.

విజయవాడలో ఎండోస్కోపీ చేశారు. గొట్టం చివర ఉన్న కెమెరాలో జీర్ణాశయం లోపలి పొర నున్నగానే ఉంది. ఒకచోట మాత్రం కింది నుంచి ఏదో నెట్టుతున్నట్టు ఉబ్బి, దాని నెత్తిన చిన్న పుండు పడింది. రక్తం అక్కడి నుంచే కారుతోంది. పై పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ కనిపించలేదు. సీటీ స్కాన్ తీస్తే జీర్ణాశయం గోడలో 9 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది.

జీర్ణాశయంలో పుట్టే కణితులన్నీ ఒకటి కావు

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. 'కడుపులో క్యాన్సర్' అని మనం మామూలుగా అనేది జీర్ణాశయం లోపలి పొరలో, రసాలు ఊరే గ్రంథుల కణాల్లో పుట్టే జబ్బు. దాని పేరు ఎడినోకార్సినోమా. జీర్ణాశయ క్యాన్సర్లలో నూటికి తొంభైకి పైగా అదే. బాబాయికి వచ్చింది వేరు. ఆయన గడ్డ లోపలి పొరలో కాకుండా, దాని కింద ఉండే కండర గోడలో పుట్టింది. దీన్ని గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్ అంటారు. పొడి అక్షరాల్లో జిస్ట్. ఏడాదికి పది లక్షల మందిలో సుమారు 10 నుంచి 15 మందికి వచ్చే అరుదైన జబ్బు. వీటిలో సగానికి పైగా జీర్ణాశయంలో, మరికొన్ని చిన్నపేగులో పుడతాయి.

మనం తిన్నది ముందుకు జరగాలంటే జీర్ణాశయం, పేగులు ఒక తాళం ప్రకారం కదలాలి. ఆ తాళం వేసే కణాలు గోడలో ఉంటాయి. 1906లో నోబెల్ బహుమతి పొందిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ పేరు మీద వాటిని కహాల్ కణాలు అంటారు. ఆ కణాల నుంచి, లేదా వాటికి దగ్గరి చుట్టాలైన కణాల నుంచి జిస్ట్ పుడుతుంది.

ఎందుకు పుడుతుంది? ప్రతి కణం మీద 'పెరుగు', 'ఆగు' అని చెప్పే స్విచ్‌ల వంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు కిట్. దాన్ని తయారుచేసే జన్యువులో తప్పు దొర్లితే స్విచ్ 'ఆన్'లోనే ఇరుక్కుపోతుంది. చేలో నీళ్ళు నిండినా మోటారు ఆగకపోతే ఏమవుతుందో కణంలోనూ అదే అవుతుంది. విభజన ఆగదు. 1998లో జపాన్‌కు చెందిన సెయీచీ హిరోటా, ఆయన సహచరులు ఈ సంగతి కనిపెట్టారు. జిస్ట్ వచ్చినవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి ఈ కిట్ జన్యువులోనే లోపం ఉంటుంది. కొద్దిమందిలో దాని చుట్టమైన మరో జన్యువులో ఉంటుంది. ఇది తిండి వల్లనో, పాపం వల్లనో వచ్చేది కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. కుటుంబాల్లో వంశపారంపర్యంగా రావడం బహు అరుదు.

1998కి ముందు ఈ గడ్డల్ని చాలావరకు కండర కణుతులుగా లెక్కవేసేవారు. ఇప్పుడు గడ్డ ముక్కను సీడీ 117 అనే రంగు పరీక్షకు పెడితే నూటికి తొంభై ఐదు మందిలో జిస్ట్ బయటపడుతుంది. ల్యాబ్‌లో పనిచేసే మాలో ఒకరు చెప్పే మాట: "స్లైడు మీద ఆ గోధుమ రంగు పట్టిందా లేదా అన్నదాని మీద మనిషి వైద్యమంతా మారిపోతుంది."

మొదటి ఆపరేషన్

మామూలు జీర్ణాశయ క్యాన్సర్‌లో పక్కనున్న లింఫు గ్రంథులకు జబ్బు పాకుతుంది. అందుకే జీర్ణాశయంలో పెద్ద భాగాన్ని, కొందరిలో మొత్తాన్నీ, గ్రంథులతో సహా తీసేస్తారు. జిస్ట్ లింఫు గ్రంథులకు పాకడం అరుదు. గడ్డను, దాని చుట్టూ కొద్దిపాటి మంచి గోడను కలిపి తీసేస్తే సాధారణంగా చాలు. మిగిలిన జీర్ణాశయాన్ని కుట్టేస్తారు. బాబాయికి మూడింట రెండు వంతుల జీర్ణాశయం మిగిలింది.

ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త గడ్డ పగలకుండా చూడడం. ఇది మగ్గిన బొప్పాయిలా మెత్తగా ఉంటుంది. చిట్లితే కణాలు కడుపులో చిమ్మి మళ్ళీ మొలుస్తాయి. అందుకే గడ్డను నేరుగా పట్టుకుని లాగరు, గోడను పట్టుకుని తీస్తారు.

తీసిన గడ్డను పరీక్షించి మూడు విషయాలు చూస్తారు: ఎంత పెద్దది, ఎక్కడ పుట్టింది, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి. చిట్లిందా లేదా అన్నది నాలుగోది. 2 సెంటీమీటర్లలోపు గడ్డ జీర్ణాశయంలో ఉంటే ప్రమాదం చాలా తక్కువ. బాబాయి గడ్డ పెద్దది, విభజన వేగం కూడా ఎక్కువ. మళ్ళీ వచ్చే అవకాశం ఉంది కనుక ఇమాటినిబ్ అనే మాత్ర రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున మూడేళ్ళు వేసుకోమన్నారు. ఆ మూడేళ్ళ లెక్క వెనుక ఒక పెద్ద పరీక్ష ఉంది. ఉత్తర యూరప్, జర్మనీల్లో జరిపిన ఆ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో ఏడాది మాత్రమే మందు వాడినవారు ఐదేళ్ళకు నూటికి 82 మంది బతికి ఉంటే, మూడేళ్ళు వాడినవారిలో 92 మంది ఉన్నారు.

పదకొండో నెలలో ఆపేశారు

బాబాయి పదకొండు నెలలు వేసుకున్నారు. మనిషి తేరుకున్నారు, మళ్ళీ బిందెలు ఎత్తారు. ఈ మందుతో కళ్ళ కింద ఉబ్బు, పిక్కల్లో కొంకర్లు, వికారం రావడం మామూలే. ఆయన మొహం ఉబ్బడం చూసి చుట్టాలు "మందు పడలేదు" అన్నారు. ఇంకెవరో "ఏళ్ళ తరబడి మాత్రలు మింగితే లివర్ పాడైపోతుంది" అన్నారు. బాగానే ఉన్నాను కదా అని ఆయన ఆపేశారు. మాలో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ ఏడాది ఒక్క ఫోన్ చేసి "బాబాయ్, మాత్ర వేసుకుంటున్నావా?" అని అడిగి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాం.

2018లో కుడి డొక్కలో బరువుగా ఉందంటే స్కాన్ తీశారు. కాలేయంలో మూడు మచ్చలు. పెద్దది 6 సెంటీమీటర్లు.

కాలేయానికే ఎందుకు వస్తుంది? డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాలువలో ఎక్కడో పైన ఒక గుర్రపుడెక్క మొక్క తెగితే కొట్టుకువచ్చి ఎక్కడ ఆగుతుంది? మొదటి లాకు దగ్గర. జీర్ణాశయం, పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే కాలువ గుండా ముందు కాలేయంలోకే వెళ్ళాలి. రక్తంలో కొట్టుకువచ్చిన జిస్ట్ కణాలకు మొదటి లాకు కాలేయమే. అక్కడ ఆగి వేళ్ళూనుతాయి. జిస్ట్ పాకే రెండో చోటు కడుపులోని పలుచని పొర. మిగతా అవయవాలకు చేరడం తక్కువ.

రేకు పెట్టెలో దొరికిన కాగితం

కొత్త స్కాన్ మాత్రమే తీసుకుని బాబాయి కొడుకు ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. "కడుపు క్యాన్సర్ లివర్‌కు పాకింది, ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారట. ఆ డాక్టరుకు చూపించిన కాగితం ఒక్క స్కానే. మామూలు జీర్ణాశయ క్యాన్సర్ అయితే ఆ మాటలో కొంత నిజం ఉంది. అది కాలేయానికి పాకిన తర్వాత ఆపరేషన్ వల్ల సాధారణంగా మేలు ఉండదు, కీమో మందులే ప్రధానం. జర్మనీలో జరిగి 2024లో ఫలితాలు చెప్పిన అధ్యయనంలోనూ, కీమోకు ఆపరేషన్ కలిపినందువల్ల మొత్తం మీద ఆయుష్షు పెరగలేదు.

బాబాయి ఇంటికొచ్చి మంచం పట్టారు. "ఉప్పెన వదిలింది, ఇది వదల్లేదు" అన్నారు. అరెకరం అమ్మి కూతురి పెళ్ళి ముందే చేసేయాలని మాట్లాడుకుంటున్నారు. అప్పుడు మేము ముగ్గురం ఆ ఊరు వెళ్ళాం. ఆయన తలగడ కింద, చూరులో, చివరికి రేకు పెట్టెలో బట్టల అడుగున వెతికితే 2015 బయాప్సీ రిపోర్టు దొరికింది. అందులో ఒక వాక్యం: 'సీడీ 117 పాజిటివ్'. అది చదివి మాలో ల్యాబ్ మిత్రుడు మంచం పక్కనే కూలబడ్డాడు. "ఇది ఆ క్యాన్సర్ కాదు బాబాయ్, దీనికి మందుంది" అన్నాడు.

పాత రిపోర్టు, పాత స్లైడ్లు, గడ్డ ముక్కను దాచిన మైనపు దిమ్మ మూడూ పట్టుకుని క్యాన్సర్ వైద్యుల దగ్గరకు వెళ్ళాం. కాలేయంలోని మచ్చ నుంచి సూదితో ముక్క తీసి అదే జబ్బని నిర్ధారించారు. జన్యు పరీక్షలో మాత్ర బాగా పనిచేసే రకమే అని తేలింది. ఇమాటినిబ్ మళ్ళీ మొదలైంది.

ఒక మాత్ర, ఒక తీర్పు

ఈ మాత్ర కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినది. ఇమాటినిబ్ ఇరుక్కుపోయిన స్విచ్ సందులో సరిగ్గా దూరి దాన్ని ఆపుతుంది. మొదట ఒక రకం రక్త క్యాన్సర్‌కు తయారుచేశారు. 2000 మార్చిలో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో, జిస్ట్ కాలేయానికి పాకిన ఒక మహిళకు డాక్టర్ హైకీ యోయెన్సూ బృందం దీన్ని ఇచ్చి చూసింది. కొన్ని వారాల్లోనే కణితులు తగ్గసాగాయి. 2002లో అమెరికాలో జిస్ట్‌కు ఆమోదం వచ్చింది. అంతకుముందు జబ్బు పాకినవారిలో సగం మంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతికేవారు కాదు. మాత్ర వచ్చాక అది సుమారు ఐదేళ్ళకు చేరింది. పదేళ్ళు దాటినవారూ ఉన్నారు.

అయితే స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ అమ్మిన గ్లివెక్ ధర నెలకు సుమారు 1,20,000 రూపాయలు. కమాటి జీతానికి అది అందేదేనా? హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా 2003లో 'వీనాట్' పేరుతో అదే మందును తెచ్చింది. ఈ కంపెనీని 1981లో స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరిది మన నదికి ఆవలి గట్టున గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు. ఇలాంటి జెనరిక్ మందులతో నెల ఖర్చు 8 నుంచి 10 వేలకు దిగింది. నోవార్టిస్ పేటెంటు కోరింది. నాట్కోతో పాటు క్యాన్సర్ రోగుల సంఘం ఒకటి, మరికొన్ని కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. 2006 జనవరిలో చెన్నై పేటెంట్ ఆఫీసు నిరాకరించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే, జబ్బు నయం చేయడంలో అది మెరుగని చూపనిదే పేటెంటు ఇవ్వరాదని మన చట్టంలోని 3(డి) సెక్షన్ చెబుతుంది. దాని ప్రకారమే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టివేసింది. ఇప్పుడు ఇమాటినిబ్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, జనఔషధి దుకాణాల్లోనూ తక్కువ ధరకు దొరుకుతుంది. సోషల్ పుస్తకంలో 'సుప్రీంకోర్టు' అని చదివే పాఠం ఒక కమాటి నోట్లో మాత్రగా పడిందంటే నమ్ముతారా?

కాలేయం మీద ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?

మాత్ర పనిచేస్తుంటే ఆపరేషన్ ఎందుకని మేమూ అడిగాం. డాక్టరు ఇలా వివరించారు. మాత్ర జిస్ట్ కణాలను చాలావరకు నిద్రపుచ్చుతుంది, అన్నిటినీ చంపలేదు. మిగిలినవాటిలో కొన్ని కొత్త జన్యుమార్పులు తెచ్చుకుని మాత్రకు లొంగకుండా పోతాయి. ఇది చాలామందిలో రెండు మూడేళ్ళకు జరుగుతుంది. కాబట్టి మాత్రకు లొంగి ఉన్న సమయంలోనే, మిగిలిన గడ్డలన్నిటినీ తీసేయగలిగితే ఆ ముప్పు తగ్గవచ్చని ఆలోచన.

దీనికి కొన్ని షరతులున్నాయి.

మొదటిది, ముందు మాత్ర, తర్వాత కత్తి. సాధారణంగా 6 నుంచి 12 నెలలు మందు వాడి, గడ్డలు తగ్గడమో, పెరగకుండా నిలవడమో చూసిన తర్వాతే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు. మాత్ర లేని రోజుల్లో కాలేయంలో గడ్డలు తీసినా చాలామందికి మళ్ళీ వచ్చేవి.

రెండోది, కనిపించే గడ్డలన్నీ తీయడానికి వీలవ్వాలి. మందు వాడుతున్నా ఒక్క గడ్డే పెరుగుతుంటే దాన్ని తీయడం వల్ల కొంత ఉపయోగం ఉంటుంది. అన్నీ పెరుగుతుంటే ఆపరేషన్ వల్ల లాభం లేదు, మందు మార్చాలి.

మూడోది, మిగిలే కాలేయం చాలాలి. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మిగిలినా మనిషి బతుకుతాడు. కొన్ని వారాలు, నెలల్లో మిగిలిన భాగమే పెరిగి లోటు పూడుస్తుంది. శరీరంలో ఇంత బాగా తిరిగి పెరిగే అవయవం మరొకటి లేదు. అయితే సారా, బ్రాందీలతో గట్టిపడిన కాలేయానికి, హెపటైటిస్ బీతో దెబ్బతిన్న కాలేయానికి ఆ శక్తి తగ్గుతుంది. బాబాయికి తాగుడు అలవాటు లేకపోవడం ఆయన్ని కాపాడిన కారణాల్లో ఒకటి.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారు ఎక్కువ కాలం బతికారని అనేక ఆసుపత్రుల అనుభవం చెబుతోంది. కానీ ఆపరేషన్‌కు ఎంచుకునేది ఆరోగ్యంగా, గడ్డలు తక్కువగా ఉన్నవారినే కదా! మేలు కత్తిదా, మనిషిదా అన్నది తేల్చడానికి చైనాలో మొదలుపెట్టిన అధ్యయనం 41 మందితోనే ఆగిపోయింది. జబ్బు అరుదు కాబట్టి రోగులు చాలరు. అందుకే ఒక సర్జనో, ఒక మందుల డాక్టరో విడిగా నిర్ణయించకుండా స్కాన్ చదివేవారు, బయాప్సీ చదివేవారు కూడా కలిసి కూర్చుని ఒక్కొక్క రోగి విషయం తేల్చుకుంటారు.

ఆ రోజు ఏం చేశారు

తొమ్మిది నెలల మాత్రల తర్వాత 6 సెంటీమీటర్ల గడ్డ మూడున్నరకు తగ్గింది. కొందరిలో గడ్డ సైజు తగ్గకపోయినా లోపల చచ్చి నీరులా మారుతుంది. స్కాన్‌లో సైజు ఒక్కటే చూసి మందు పనిచేయలేదని భయపడకూడదని అప్పుడే తెలిసింది.

2019 చివర్లో ఆపరేషన్ జరిగింది. కాలేయాన్ని సర్జన్లు ఎనిమిది భాగాలుగా లెక్కిస్తారు. మన పొలాలకు పిల్లకాలువల్లా ప్రతి భాగానికీ రక్తం తెచ్చే దారి వేరుగా ఉంటుంది. కాబట్టి ఒక భాగానికి నీరు కట్టేసి తీసేసినా పక్కది ఎండిపోదు. బాబాయికి రెండు గడ్డలు ఎడమ చివరి రెండు భాగాల్లో ఉన్నాయి. ఆ రెండు భాగాలనూ తీసేశారు. మూడోది చిన్నది, కుడివైపు లోతుగా ఉంది. దానికోసం కుడి కాలేయమంతా కోయడం ఎందుకని, సూదిలాంటి పరికరం గుచ్చి వేడితో మాడ్చేశారు. 3 సెంటీమీటర్లలోపు గడ్డలకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

కాలేయం ఆపరేషన్‌లో పెద్ద భయం రక్తం పోవడం. అందుకని కాలేయంలోకి రక్తం వెళ్ళే దారిని కొద్ది నిమిషాలు బిగించి, వదిలి, మళ్ళీ బిగిస్తూ కోస్తారు. 1908లో ప్రింగిల్ అనే సర్జన్ వివరించిన పద్ధతి ఇది. మన లస్కర్లు తూము తలుపు దించి గట్టు పని చేసినట్టే.

మా బ్యాచ్ వాళ్ళం ఐదుగురం రక్తం ఇచ్చాం. ఆపరేషన్ ఖర్చు తెల్ల రేషన్ కార్డు మీద ప్రభుత్వ పథకంలోనే జరిగిపోయింది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలై, పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకమే అది. అరెకరం అలాగే ఉంది.

ఆ తర్వాత

ఆపరేషన్‌తో జబ్బు వేళ్ళతో సహా పోయిందని ఎవరూ అనలేదు. కోలుకుని తిండి తినగలిగాక ఇమాటినిబ్ మళ్ళీ మొదలుపెట్టారు. పాకిన జిస్ట్‌కు ఈ మాత్ర పనిచేసినంత కాలం వేసుకుంటూనే ఉండాలి. బాగున్నామని మధ్యలో ఆపినవారిలో ఎక్కువమందికి జబ్బు మళ్ళీ తలెత్తిందని ఫ్రాన్స్‌లో జరిపిన పరీక్షలో తేలింది. కాలువలో కనిపించే గుర్రపుడెక్క అంతా తీసి గట్టున పోసినా, నీటి అడుగున మిగిలిన చిన్న ముక్కలు చాలు మళ్ళీ కప్పేయడానికి.

రేపు ఈ మాత్ర లొంగకపోతే సునిటినిబ్, రెగోరఫెనిబ్, రిప్రెటినిబ్ అనే మందులు వరసగా ఉన్నాయి. ఇమాటినిబ్ అసలే పనిచేయని ఒక ప్రత్యేక జన్యులోపం ఉన్నవారికి 2020లో అవాప్రిటినిబ్ వచ్చింది. అవి ఖరీదైనవి. ఇమాటినిబ్ కథ వాటికీ జరగాలని కోరుకుందాం.

బాబాయి రోజూ మధ్యాహ్నం భోజనం మధ్యలో పెద్ద గ్లాసు నీళ్ళతో మాత్ర వేసుకుంటారు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం. నెలకొకసారి మేము వంతులవారీగా ఫోన్ చేస్తాం. హలో అనగానే "వేసుకున్నాన్రా" అంటారు, అడగకముందే. స్కాన్‌కు వెళ్ళే రోజు మాలో ఒకరం తోడు వెళతాం. ఆ కవరు చేతికి వచ్చేదాకా ముగ్గురికీ అన్నం సహించదు. ఇప్పటిదాకా ప్రతిసారీ మంచి మాటే వచ్చింది.

మనం గుర్తుంచుకోవలసినవి

1. నల్లటి విరేచనం, కారణం తెలియని రక్తహీనత, కొద్దిగా తింటేనే కడుపు నిండడం, కడుపులో గడ్డ తగలడం: వీటికి నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగవద్దు. మన ఇంట్లో అమ్మానాన్నలకు ఉన్నా చెప్పుకోరు. సెలవులకు వెళ్ళినప్పుడు మీరే అడగండి.

2. క్యాన్సర్ అనగానే 'ఏ రకం?' అని అడగండి. ఒకే జీర్ణాశయం, ఒకే కాలేయం అయినా జబ్బు పేరును బట్టి వైద్యం మారుతుంది. జిస్ట్‌తో పాటు న్యూరో ఎండోక్రైన్ కణితులు వంటి మరికొన్ని అరుదైన రకాల్లోనూ కాలేయానికి పాకిన తర్వాత ఆపరేషన్‌కు చోటుంది.

3. బయాప్సీ రిపోర్టు పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. భద్రంగా దాచండి, ఫోన్‌లో ఫొటో తీసి ఇద్దరికి పంపండి. స్లైడ్లు, మైనపు దిమ్మ అడిగి తీసుకోవచ్చు. రెండో డాక్టరుకు కొత్త కాగితంతో పాటు పాతవన్నీ చూపించండి.

4. మందు ఆపాలనిపిస్తే రాసిచ్చిన డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. ఉబ్బు, కొంకర్లు వంటి ఇబ్బందులకు దారులున్నాయి. వేరే మందులు, పసరులు కలిపి వేసుకునే ముందు కూడా అడగాలి.

5. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు. పథకం ఉన్న ఆసుపత్రుల్లో మిత్ర కౌంటర్ దగ్గర కార్డు చూపించండి, లేదా 104కు ఫోన్ చేయండి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది. మన బందరులోనూ 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అందులో మన హాస్టల్ పిల్లలు తెల్లకోటు వేసుకుని తిరగాలని మా కోరిక.

పోయిన వార్షికోత్సవానికి బాబాయి వచ్చారు. వేదిక మీదికి రమ్మంటే రాలేదు. భోజనాల దగ్గర బకెట్ అందుకుని పప్పు వడ్డించారు. వరస చివర కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు "ఇంకొంచెం వెయ్యి తాతా" అన్నాడు. మాకు బాబాయి, వాడికి తాత. ఆ మాట వినడానికి ఆయన ఉన్నారు. పెట్టె అడుగున ఆ ఒక్క కాగితం దొరికినందుకే ఉన్నారు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి పెట్టె అడుగున ఏ కాగితాలున్నాయో ఒకసారి చదవండి. ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు మీరే.